రెండవ పఠనము

కథను ఒకమారు చదివినవాడు దానిని అనుభవించును. మరల మరల చదివి, ఏ వాక్యమునొద్ద తన గుండె ఝల్లుమన్నదో గుర్తించి, ఆ ఝల్లుమనుటకు కారణమైన మాటను రచయిత ఎంత ముందుగా, ఎంత మామూలుగా, ఎవ్వరికిని అనుమానము రాకుండ నాటి యుంచెనో వెదకి పట్టుకొన్నవాడు కథ వ్రాయుట నేర్చుకొనును. చిన్ననాటనుండి పుస్తకములే లోకముగా పెరిగి, పిమ్మట కథలు వ్రాయుటకు పూనుకొని, నేటికిని చదువును వ్రాతను విడదీయలేకయున్న నాకు ఈ విషయమున గట్టి నమ్మకము కలదు. కావుననే, కథలు వ్రాయగోరు యువకులు నన్ను కలిసి "ఏమి చదువవలె"నని అడిగినపుడెల్ల, "ఏమి" అనుదానికంటె "ఎన్నిమార్లు" అనుదానిని గూర్చియే ఎక్కువగా చెప్పుచుందును.

మన ఆలంకారికులు ఈ సంగతిని ఏనాడో విచారించి యుంచిరి. 11వ శతాబ్దమున కాశ్మీరదేశమందు వెలసిన మమ్మటుడు కావ్యప్రకాశమున కావ్యహేతువును నిర్ణయించుచు, సహజమైన శక్తిని, లోకమును శాస్త్రములను కావ్యములను పరికించుటచే గలుగు నైపుణ్యమును, కావ్యము తెలిసినవారి శిక్షణలో చేయు అభ్యాసమును పేర్కొని, ఈ మూడును కలిసియే ఒక్క హేతువగునని తీర్మానించెను. శక్తి యున్నదో లేదో తేల్చుకొనుట మనచేతిలోని పని కాదు. దానికై బెంగపడి కూర్చుండుట కాలహరణము. మిగిలిన రెండును శ్రమకు లొంగునవే. ఆ కాలమువాడే, ఆ దేశమువాడే యగు క్షేమేంద్రుడు కవికంఠాభరణమున నేర్చుకొనువారికి ఇంకను దిగివచ్చి, పూర్వకవి శ్లోకములోని పదములను తీసి ఛందస్సు చెడకుండ వేరు పదములు కూర్చుటవంటి సాధనలను గూడ చెప్పెను. సంగీతము నేర్చుకొనువాడు సరళీవరసలు పాడుటకు సిగ్గుపడడు గదా. కథకునికి మాత్రము సాధన యేల అక్కరలేకపోవలెను?

ఈ మాటను ఒక కథపై నిలిపి చూపెదను. 1910లో 'ఆంధ్రభారతి'లో వెలువడిన గురజాడ 'దిద్దుబాటు' నెరుగని తెలుగు పాఠకుడు అరుదు. సాని పాటకు పోయి అర్ధరాత్రి దాటినపిమ్మట ఇల్లు చేరిన గోపాలరావునకు గదిలో భార్య కమలిని కానరాదు. ఆమె వ్రాసిపెట్టిన ఉత్తరము మాత్రము దొరకును. అతడు కలవరపడును, నౌకరు రాముని లేపి ప్రశ్నించును, తన్ను తాను నిందించుకొనును, రాముని ఆమె పుట్టింటికి పంప సిద్ధపడును. అంతలో మంచము క్రిందనుండి కమలిని నవ్వు వినవచ్చును. మొదటిమారు చదువునపుడు మనము గోపాలరావు ప్రక్కన నిలిచి, అతని దిగులులో పాలుపంచుకొని, ఆ నవ్వు విని అతనితోపాటే ఉలికిపడుదుము. రెండవమారు చదువునపుడు మన స్థానమే మారిపోవును. ఇప్పుడు మనము మంచము క్రింద, కమలిని ప్రక్కన ఉన్నాము. ఆ గదిలో భర్త పలుకు ప్రతి మాటను, అతని పశ్చాత్తాపమును, భయమును, బింకమును ఆమె చెవులతో వినుచున్నాము. రచయిత ఆమెచేత ఉత్తరములో తప్ప కథ పొడుగునను ఏమియు పలికింపలేదు. అయినను మరల చదువునపుడు గదియంతయు ఆమెయే నిండియున్నట్లు తోచును. ఒక్క అక్షరమైనను మారకుండ ఒకే కథ రెండు కథలైనది!

ఇట్టి కథను చదివి "బాగున్నది" అని ఊరకుండుట పాఠకునికి చాలును. వ్రాయగోరువాడు మాత్రము కొన్ని ప్రశ్నలు వేసికొనవలయును. ఈ కథను కమలిని వైపునుండి చెప్పియుండినచో ఏమగును? ఉలికిపాటు పోవును, గోపాలరావు దిగులునకు ముందే మనకు నవ్వు వచ్చును, అతని మార్పు మనసున నాటదు. ఉత్తరము లేకపోయినచో ఏమగును? ఆమె మాట వినకుండనే అతడు మారవలసివచ్చును; ఆ మార్పును మనము నమ్మము. ఇట్లు ఒక్కొక్క రాతిని కదిపి చూచినగాని ఆ గోడ ఎందుకు నిలిచినదో తెలియదు. కథాశిల్పమును గూర్చి పది వ్యాసములు చదివి నేర్చుకొనలేని విషయమును నేను ఈ ఒక్క కథవద్ద, ఈ పద్ధతిచే నేర్చుకొంటిని.

నేను చిరకాలముగా అవలంబించుచున్న మరియొక పద్ధతి కలదు. ప్రయాసతో కూడినదే యైనను ఫలము ఘనము. నచ్చిన కథను చదివి, పుస్తకము మూసివైచి, కొన్నాళ్ళు గడచినపిమ్మట ఆ కథను జ్ఞాపకమునుండి నోటుపుస్తకములో వ్రాసి, తరువాత మూలముతో పోల్చి చూతును. ఎక్కడ మరచితినో అక్కడనే రచయిత నేర్పు దాగియుండును. పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నడపిన కథల పోటీలో రెండవ బహుమతి నందిన కథ. దానిని ఇట్లు వ్రాయగా, నా ప్రతిలో గాలివాన మొదటి పుటలోనే వచ్చిపడినది. తుపాను, చీకటి, రైల్వేస్టేషను, బిచ్చగత్తె, ఆమె మరణము - ఇవన్నియు జ్ఞాపకమున్నవి. తన జీవితమును నియమములతో కట్టుదిట్టము చేసికొని, దేనిని గూర్చియైనను ముందే ఒక అభిప్రాయము సిద్ధముగా నుంచుకొని, నిశ్చింతగా రైలులో కూర్చున్న రావుగారిని గూర్చిన భాగమును మాత్రము నేను రెండు వాక్యములలో తేల్చివైచితిని. మూలము తెరచి చూడగా, ఆ నెమ్మదియైన భాగమే కథకు పునాదియని బోధపడినది. నియమములు ఒక్కొక్కటిగా పేర్చబడినగాని గాలికి కూలుటకు ఏమియు నుండదు. జరిగినదానిని వ్రాయుట ఎవ్వరికైనను వచ్చును. జరుగబోవుదానికి కావలసిన బరువును ముందుగా, తొందరపడక కూర్చుటయే కష్టము.

సంభాషణల విషయమున చెవియే గురువు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలను కంటితో చదివి విడిచినవాడు వానిలో సగమే చదివినవాడు. గొంతెత్తి చదివినచో గోదావరి సీమలోని ఇండ్లలో పలుకుబడి ఎట్టిదో, మాట ఎక్కడ విరుగునో, ఎవరు ఎవరి మాటకు అడ్డము వత్తురో, అభిమానము ఏ దీర్ఘములో దాగునో వినబడును. విజయనగరపు చాసో కథలు ఇందుకు భిన్నము. అక్కడ మాట పొదుపు. ఈ ఇద్దరిని ఒక్క వారములో మార్చి మార్చి చదివినవానికి, తాను వ్రాసిన సంభాషణలలో ఏవి కాగితపు మాటలో ఎవ్వరును చెప్పనక్కరలేకుండనే తెలియును.

ఇంతగా చదివినచో ఇతరుల శైలి తమకు అంటుకొనునేమో యని కొందరు భయపడుదురు. ఆ భయము అకారణము కాదు. కాని దీనికి సమాధానము 9వ శతాబ్దమున ఆనందవర్ధనుడే ఇచ్చియున్నాడు. ఒక కవి రచనకు మరియొకని రచనతో గల పోలిక మూడు విధములని ధ్వన్యాలోకము చెప్పును: అద్దములోని ప్రతిబింబమువంటిది, చిత్తరువువంటిది, ఒక మనుష్యునికి మరియొక మనుష్యునితో గల పోలికవంటిది. మొదటి రెండింటిని విడువవలెననియు, మూడవదానివలన దోషము లేదనియు ఆయన నిర్ణయము. అవయవములు పోలినను ప్రాణము వేరైనచో ఆ వ్యక్తి వేరే గదా! ఒక్కని రచననే చదువువాడు ప్రతిబింబముగా మిగులును. పలువురను లోతుగా చదివి, ఆపై తన ఊరి మనుష్యులను కన్నులార చూచువాని కథకు ప్రాణము తనదే యగును. మమ్మటుడు శాస్త్రకావ్యములకు ముందు లోకమును నిలుపుట ఊరకే కాదు. ఫ్రెంచి రచయిత మొపాసా గూడ తన గురువగు ఫ్లాబేరు చెప్పిన పాఠమును 1888 నాటి ఒక పీఠికలో స్మరించుచు, ఒక బండిగుర్రము దాని ముందు వెనుకల నడచు యాబది గుర్రములవంటిది ఎందుకు కాదో ఒక్క మాటలో చూపవలెనని ఆయన తనను శాసించెనని వ్రాసెను. అట్టి శిక్షణలో ఏండ్లు గడచిన పిమ్మటనే, 1880లో, మొపాసాకు పేరు తెచ్చిన మొదటి కథ వెలువడినది.

మన కాళీపట్నం రామారావు మాస్టారు చరిత్రయు ఇట్టిదే. అప్పటికే కథకుడుగా గుర్తింపు పొందియున్నవాడు, కొన్నేండ్లు కలము ప్రక్కన నుంచి, చదువులోను ఆలోచనలోను గడపి, పిమ్మట 'యజ్ఞం' వ్రాసెను. ఆ నడిమి యేండ్లను వృథాయని ఎవ్వడనగలడు? వ్రాయక చదివిన కాలము గూడ వ్రాతలోని భాగమే యని నేను నమ్ముదును. వారము వారము పత్రికలు నింపవలసిన తొందరలో ఈ నిదానము మనకు కొరవడినది. నేటి కథలు పెక్కింటి బలహీనతకు అదియే మూలము.

ఆ మాస్టారే 1997లో శ్రీకాకుళమున కథానిలయమును స్థాపించి, తెలుగు కథ ఎక్కడ అచ్చయినను అక్కడికి చేర్చవలెనని తన శేషజీవితమును ధారపోసిరి. పాత పత్రికలు, సంపుటములు అచ్చట భద్రముగా నున్నవి. కథలు వ్రాయుటను గూర్చి ఆయన వ్రాసిన 'కథాకథనం' గూడ కలదు. వేటపాలెములో సారస్వత నికేతనము, రాజమహేంద్రవరములో గౌతమీ గ్రంథాలయము, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము అను గ్రంథాలయములును మనవే. కథ వ్రాయ సంకల్పించిన తమ్ములారా, చెల్లెండ్రారా, ఈ వారము క్రొత్త కాగితము ముందు కూర్చుండుటకు పూర్వము, మీరు ఏనాడో చదివి మెచ్చుకొన్న కథ నొకదానిని మరల తీసి, ముగింపు తెలిసియున్న కన్నుతో మొదటినుండి చదువుడు. ప్రక్కన పెన్సిలు నుంచుకొనుడు.