బ్రిట్స్‌లో లాడం వాడ

బెర్లిన్ నగరపు దక్షిణ భాగాన, బ్రిట్స్‌లో, మంచుయుగం నాటి గుంట ఒకటి ఉంది. కాలనీ వేసేవాళ్లు ఎవరైనా ముందు పూడ్చేది అలాంటి గుంటనే. వాస్తుశిల్పి బ్రూనో టౌట్ దాన్ని పూడ్చకుండా, చుట్టూ సుమారు 350 మీటర్ల పొడవున మూడంతస్తుల భవనాన్ని గుర్రపు లాడంలా వంచాడు. ఆ వాడకు పేరు కూడా లాడం మీదే వచ్చింది: హుఫైజెన్‌జీడ్లుంగ్. మరో వాస్తుశిల్పి మార్టిన్ వాగ్నర్‌తో కలిసి 1925లో మొదలుపెట్టాడు. 1930ల ఆరంభానికల్లా రెండు వేలకు కాస్త తక్కువ ఇళ్లు లేచాయి.

జర్మనీలో 1923 నాటి ద్రవ్యోల్బణంలో పాత ఇళ్ల మీది అప్పులు ఆవిరైపోయాయి. అలా లాభపడిన యజమానులపై 1924లో పన్ను వేసి, ఆ సొమ్ములో కొంత కొత్త ఇళ్లకు మళ్లించారు. అయినా చెక్కడాలకూ లతలకూ పైకం ఎక్కడిది? ప్లాన్లు కొద్ది రకాలే, మళ్లీ మళ్లీ అవే. ఆ విసుగును టౌట్ రంగుతో విరిచాడు. రంగు చవక, కానీ అతని చేతిలో అది పైపూత కాదు. లాడం లోపలివైపు తెల్లటి గోడలో వసారాల లోతుకు నీలం వేశాడు. ఆ నీలం వల్ల వసారాలు ఉన్నదానికన్నా లోపలికి జరిగినట్టుంటాయి. పై అంచున వరుసగా కనిపించే చిన్న కిటికీలు సోకు కోసం పెట్టినవి కావు, బట్టలారేసుకునే అటకవి. ఆ అటకే గోడకు తలకట్టు కూడా అయింది.

నాకు మరీ నచ్చేవి లాడం వెనక వీధులు. వరుస ఇళ్లు సాదా పెట్టెలే. కానీ వీధి చివరి ఇళ్లు కాస్త ముందుకు వచ్చి దారిని నొక్కుతాయి, దాంతో వీధి గదిలా మూసుకుంటుంది. ఒక వరుస పసుపు, ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు. కిటికీలోనూ చట్రానిది ఒక రంగు, రెక్కది ఇంకొకటి. ఫ్రిట్జ్ రాయ్టర్ ఆలే రోడ్డు వెంట ముదురెరుపు బారు ఒకటుంది. దానికెదురుగా అదే కాలంలో మరో సంస్థ వాలు కప్పులతో పాత పద్ధతి ఇళ్లు కట్టింది. కొత్త పద్ధతా, పాత పద్ధతా అన్న అప్పటి వాదన ఇప్పటికీ రోడ్డుకు చెరోపక్క నిలబడి ఉంది.

అద్దెలు నిరుపేద కార్మికులకు అందలేదు, అది నిజం. 1933లో నాజీలు రాగానే టౌట్ దేశం వదిలి జపాన్‌కూ ఆపై టర్కీకీ వెళ్లి, 1938లో ఇస్తాంబుల్‌లో పోయాడు. 2008లో యునెస్కో ఈ వాడను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వరుస ఇళ్లలో చాలా భాగం ఇప్పుడు విడివిడి యజమానులవి. గోడకు మళ్లీ రంగు కావాలంటే ప్రతి యజమానీ పాత పూత పొరలు గీకి తొలి రంగు ఏదో తేల్చుకుని అదే వేయించాలి. ఇంట్లో మనిషికి నచ్చిన ఛాయ ఒక్క గోడకెక్కినా వరుసంతా చెడుతుంది.