ఇద్దరు పై అధికారుల కింద

ఎవరు ఎవరికి రిపోర్ట్ చేయాలి, ఏ నిర్ణయం ఎవరి చేతిలో ఉండాలి అన్నది తేల్చి, కంపెనీలకు ఆర్గ్ చార్టులు గీసిపెట్టడం నా వృత్తి. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు ముందుగా 1855 నాటి పటం ఒకటి చూపిస్తాను. అమెరికాలోని న్యూయార్క్ అండ్ ఈరీ రైల్‌రోడ్ జనరల్ సూపరింటెండెంట్ డేనియల్ మెక్‌కాలమ్ దాన్ని ఆలోచిస్తే, జార్జ్ హోల్ట్ హెన్‌షా గీశాడు. చూడ్డానికి చెట్టులా ఉంటుంది. డైరెక్టర్ల బోర్డు అడుగున, మొదట్లో ఉంటుంది. అక్కణ్నుంచి కొమ్మలు పైకి విచ్చుకుంటూ డివిజన్లుగా, స్టేషన్లుగా, బండి నడిపే మనుషులుగా చీలిపోతాయి.

అంత అందమైన పటం వెనక పెద్ద చిక్కే ఉంది. యాభై మైళ్ల దారైతే ఒక్క సూపరింటెండెంట్ అంతా కళ్లారా చూసుకోగలడు, పనివాళ్లను పేరుపేరునా ఎరిగి ఉంటాడు. ఈరీ దారి దాదాపు 500 మైళ్లు. అంత పొడవున ఏ బండి ఎక్కడుందో, డబ్బు ఎక్కడ పోతోందో ఒక్కడికి అందదు. అందుకని మెక్‌కాలమ్ దారిని డివిజన్లుగా విడగొట్టి, రోజువారీ నడకను డివిజన్ సూపరింటెండెంట్లకు అప్పగించాడు. టెలిగ్రాఫ్ మీద గంటగంటకూ కబురు తెప్పించుకున్నాడు. బాధ్యత మోసేవాడికి దానికి తగ్గ అధికారం ఉండాలన్నాడు. ఏ ఉద్యోగికైనా ఆజ్ఞ నేరుగా తన పై అధికారి నుంచే రావాలన్నాడు. అతని క్రమశిక్షణ మాత్రం కఠినం. అది భరించలేక 1854లోనూ 1856లోనూ ఇంజన్ డ్రైవర్లు సమ్మె కట్టారు. 1857లో అతనే తప్పుకున్నాడు. కింది మనిషి గొంతు పైకి వెళ్లే దారి ఆ చెట్టులో లేదని నా అభిప్రాయం.

అయినా ఆజ్ఞ ఒక్కరి నుంచే రావాలన్న అతని పట్టుదల నాకు రోజూ గుర్తొస్తుంది. హైదరాబాద్ ఐటీ కంపెనీల చార్టుల్లో రెండో పై అధికారిని చూపే చుక్కల గీతలు, అదే డాటెడ్ లైన్లు, అన్ని ఉన్నాయి మరి. మాదాపూర్‌లో కూర్చున్న అమ్మాయికి సెలవు ఇచ్చేది ఇక్కడి మేనేజర్, పని చెప్పేది అమెరికాలోని క్లయింట్ మేనేజర్. టెస్టింగ్ పూర్తి కానిదే రిలీజ్ వద్దని ఒకరు, శుక్రవారానికి రిలీజ్ అయిపోవాలని ఇంకొకరు. ఆ తగవు ఇద్దరు మేనేజర్ల మధ్య తేలాల్సింది. తేలక ఆమె నిద్ర మీద పడుతుంది.

రెండు గీతలు అసలే వద్దని నేననను. మన రైల్వే డివిజన్‌లో ఇంజనీరు డివిజనల్ మేనేజర్ కింద పనిచేస్తూనే సాంకేతిక విషయాల్లో జోనల్ ఆఫీసులోని తన శాఖాధిపతికి జవాబు చెబుతాడు. బండ్లు ఆగకూడదు, పట్టాల ప్రమాణమూ తప్పకూడదు కాబట్టి రెండూ కావాలి. అలాంటి అవసరం ఉన్నచోట నేను కంపెనీని మూడు సంగతులు రాసిమ్మంటాను: సెలవు ఎవరిస్తారు, అప్రైజల్ ఎవరు రాస్తారు, ఇద్దరి మాటా కలవనప్పుడు ఎవరి మాట నిలుస్తుంది. మూడోదానికి చాలా కంపెనీలు “మాట్లాడుకుంటారు లెండి” అంటాయి. ఆ జవాబుతో నేను గీత గీయను.

చార్టు ఎవరి గురించో వాళ్లకు చూపించాకే ఖరారు చేయమని కూడా పట్టుబడతాను. పదవి పేరు గురించి వాళ్లు పెద్దగా అడగరు. ఇద్దరూ ఒకే రోజు పని చెబితే ఎవరిది ముందు చేయాలని అడుగుతారు.