పద్దెనిమిది మీటర్ల తర్వాత

స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ కార్డు చేతికొచ్చిన రోజే చాలామందికి రెండో కోర్సు బేరం మొదలవుతుంది. హేవ్‌లాక్‌లో, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, శిక్షణ ముగించుకుని ఒడ్డున టీ తాగుతున్నవాళ్లతో ఎవరో ఒకరు అంటారు: "ఎలాగూ వచ్చారు కదండీ, ఇంకో రెండు రోజులు ఉంటే అడ్వాన్స్‌డ్ కూడా అయిపోతుంది." ఆ మాట అబద్ధం కాదు. ఓపెన్ వాటర్‌లో సముద్రంలో చేసేది నాలుగు డైవులే. అయిదో డైవుకే అడ్వాన్స్‌డ్ విద్యార్థి అయిపోవడానికి నిబంధనలు అడ్డురావు. 18 మీటర్ల దాకా ఉన్న అనుమతి 30 మీటర్లకు పెరుగుతుంది. ఫొటోకి ఇంకో కార్డు వస్తుంది.

నా అభ్యంతరం ఆ కోర్సు మీద కాదు, దాన్ని ఎంచుకునే లెక్క మీద. మనవాళ్లు తర్వాతి కోర్సును లోతుతో కొలుస్తారు. కొత్త డైవర్‌ను నీళ్లలో అసలు అడ్డుకునేది లోతు అనుమతి కాదు. ట్యాంకులో గాలి.

కాస్త లెక్క వేద్దాం. మన దగ్గర ఎక్కువగా వాడే అల్యూమినియం ట్యాంకు దాదాపు 11 లీటర్లు. 200 బార్‌కి నింపితే 2200 లీటర్ల గాలి. అందులో 50 బార్ ముట్టుకోకుండా పైకి రావాలి కాబట్టి వాడుకోగలిగేది 1650. కంగారు తగ్గని కొత్త మనిషి నీటి పైన నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుందాం. 18 మీటర్ల లోతులో పీడనం 2.8 రెట్లు ఉంటుంది, అంటే అక్కడ నిమిషానికి 56 లీటర్లు ఖర్చు. అరగంటకి ట్యాంకు రిజర్వుకి వచ్చేస్తుంది. అదే లోతులో ఒంట్లో చేరే నైట్రోజన్ దృష్ట్యా డైవింగ్ శిక్షణ సంస్థ పాడి పట్టిక ఇచ్చే గడువు 56 నిమిషాలు. అనుమతి ఉన్న సమయంలో సగం గాలి లేక పోతోందన్నమాట. 30 మీటర్లకు దిగితే పీడనం 4 రెట్లు. దిగడం, ఎక్కడం కలుపుకుంటే అడుగున ఉండేది పావుగంట కూడా కష్టమే. అదే మనిషి 15 లీటర్లతో సరిపెట్టుకోవడం నేర్చుకుంటే 18 మీటర్ల దగ్గర దాదాపు పది నిమిషాలు ఊరికే కలిసొస్తాయి. ఏ అనుమతీ అక్కర్లేదు.

అందుకే ఎవరైనా అడిగితే ముందు తేలుడు అదుపు మీద డబ్బు పెట్టమంటాను. కేంద్రాల్లో దీన్ని పీక్ పెర్ఫార్మెన్స్ బాయన్సీ అనో, పర్ఫెక్ట్ బాయన్సీ అనో పిలుస్తారు. చిన్న కోర్సు. దీని ఫొటోకి లైకులు రావు.

ఇందులో మొదటి పని నడుముకు కట్టుకున్న సీసం తగ్గించడం. బేసిక్ కోర్సులో విద్యార్థి పైకి తేలిపోకూడదని కిలో రెండు కిలోలు ఎక్కువే కడతారు. శిక్షకుడి వైపు నుంచి చూస్తే అది జాగ్రత్తే. ఆ అదనపు బరువును మోయడానికి జాకెట్లోకి, అంటే బీసీడీలోకి, అంత ఎక్కువ గాలి కొట్టాలి. ఆ గాలి ఒక మీటరు పైకెళితే ఉబ్బుతుంది, ఒక మీటరు కిందికెళితే నలుగుతుంది. ఇక డైవ్ అంతా బటన్ నొక్కడం, వదలడంతోనే సరి. పైగా నడుము దగ్గర సీసం, భుజాల దగ్గర గాలి ఉండటంతో కాళ్లు కిందికి వేలాడి మనిషి ఏటవాలుగా నిలబడతాడు. ముందుకు వెళ్లడానికి ఒళ్లంతా నీటిని నెట్టుకుంటూ పోవాలి, ఆయాసం వస్తుంది, గాలి కరుగుతుంది. కింద పగడాలుంటే ఫిన్స్ తగిలి విరుగుతాయి.

సరైన బరువు చూసుకోవడానికో పద్ధతి ఉంది. నిండు ట్యాంకులోని గాలే రెండున్నర కిలోలకు పైగా తూగుతుంది. డైవ్ చివరికి అందులో చాలా భాగం ఊదేసి ఉంటాం కాబట్టి అప్పుడే మనిషి తేలిక. కాబట్టి పరీక్ష చివర్లో చేయాలి. ట్యాంకులో 50 బార్ మిగిలి, జాకెట్ ఖాళీ చేసి, 5 మీటర్ల దగ్గర చేసే మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్‌లో కాళ్లు ఆడించకుండా నిలవగలగాలి. పైకి లాగేస్తే సీసం తక్కువ, మునిగిపోతుంటే ఎక్కువ. ఎంత బరువుతో నిలిచారో, ఆ రోజు ఏ సూట్ వేసుకున్నారో లాగ్‌బుక్‌లో రాసుకుంటే తర్వాతి ట్రిప్‌లో సగం పని తప్పుతుంది.

రెండోది ఊపిరి. బరువు సరిపోయాక ఎత్తుపల్లాలను బటన్‌తో కాక ఊపిరితిత్తులతో దిద్దుకోవడం వస్తుంది. గాలి నిండుగా పీల్చిన వెంటనే ఒళ్లు లేవదు, రెండు మూడు క్షణాలు పడుతుంది. కొత్తవాళ్లు ఆ ఆలస్యానికి ఆగలేక బటన్ నొక్కేస్తారు, తర్వాత ఒక్కసారిగా లేచిపోతారు. ఆ క్షణాలు ఓపిక పట్టడమే ఇక్కడ విద్య. లేవాలని ఊపిరి బిగబట్టడం మాత్రం ఎప్పుడూ కుదరదు, ఆ సంగతి ఓపెన్ వాటర్ మొదటి రోజే చెప్పి ఉంటారు. దీనికి తోడు ఫ్రాగ్ కిక్ నేర్పమని అడగండి. కప్పలా కాళ్లు మడిచి వెనక్కి తోస్తే ఇసుక లేవదు, రెండు తోపుల మధ్య జారుతూ విశ్రాంతి కూడా దొరుకుతుంది.

ఇన్ని ముక్కలుగా కోర్సులు ఎందుకున్నాయన్న ప్రశ్న రావాలి. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ నీటి అడుగున ఊపిరి తీసుకునే పరికరం ఆక్వాలంగ్‌కు రూపం ఇచ్చారు. పదేళ్లు తిరక్కుండా అది అమెరికా దుకాణాల్లోకి వచ్చింది. కొనుక్కోవచ్చు, నేర్పేవాళ్లు లేరు. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థలో కాన్రాడ్ లింబా శాస్త్రవేత్తల కోసం ఒక శిక్షణ క్రమం తయారుచేశాడు. దాన్ని చూసి లాస్ ఏంజిలిస్ కౌంటీ వాళ్లు 1950ల మధ్యలో మామూలు జనానికి నేర్పడం మొదలుపెట్టారు. బ్రిటన్‌లో బీసాక్ క్లబ్ 1953లో, వివిధ దేశాల సంఘాల ప్రపంచ సమాఖ్య సీమాస్ 1959లో, అమెరికాలో నౌయి 1960లో, పాడి 1966లో వచ్చాయి. తొలి కోర్సులు దాదాపు సైనిక శిక్షణ. నీళ్లలో మాస్క్ లాగేసేవారు, గాలి కట్టేసేవారు, వారాల తరబడి ఈత కొట్టించేవారు. సెలవుల మీద వచ్చినవాళ్లకు కుదిరేలా తర్వాత దాన్ని ముక్కలు చేశారు. మంచి పనే. ఆ ముక్కలు చేయకపోతే మనలో చాలామంది నీళ్లలోకి దిగేవాళ్లమే కాదు. కానీ ఒకప్పుడు ఒక్కటిగా నేర్పిన విద్యలో మన చేతికొచ్చింది మొదటి భాగమేనని గుర్తుంచుకోవాలి. అడ్వాన్స్‌డ్, రెస్క్యూ కోర్సుల్లో ఉన్నది అందులో మిగిలినదే. బ్రిటిష్ క్లబ్బులు ఇప్పటికీ రక్షణ పాఠాలను ఒక్కో మెట్టులో కలిపే చెబుతాయి.

ఇక అడ్వాన్స్‌డ్. పాడి పద్ధతిలో అయిదు డైవులు. లోతు డైవ్, నావిగేషన్ తప్పనిసరి, మిగతా మూడూ మన ఇష్టం. ఎస్‌ఎస్‌ఐ అనే ఇంకో శిక్షణ సంస్థలో అయిదు రకాలు రుచి చూపించే కోర్సు వేరు, అడ్వాన్స్‌డ్ గుర్తింపు వేరు. రెండోదానికి నాలుగు స్పెషాలిటీలు, 24 డైవులు ఉండాలి. ఈ షరతే నాకు నచ్చుతుంది. పాడిలో చేసేవాళ్లు కూడా మధ్యలో ఓ పదీ పదిహేను డైవులు సొంతంగా చేసుకుని వెళితే అదే అయిదు డైవుల్లో రెట్టింపు నేర్చుకుంటారు.

లోతు డైవ్‌లో చూడాల్సింది తమాషా కాదుగానీ తమాషాగానే ఉంటుంది. 30 మీటర్ల దగ్గర కోడిగుడ్డు పగలగొడితే సొన చెదరకుండా ముద్దగా నిలుస్తుంది. ఎర్ర రంగు పలక బూడిద రంగుకు తిరుగుతుంది, ఎందుకంటే సూర్యకాంతిలో ఎరుపును నీరు ముందే మింగేస్తుంది. అసలు పాఠం నైట్రోజన్ మత్తు. పైన చేసిన చిన్న కూడికలే కింద చేయిస్తారు. కొందరికి ఎక్కువ సమయం పడుతుంది, కొందరు తప్పు చేసి కూడా నవ్వుతూ ఉంటారు. కాస్త పైకి వస్తే మత్తు దిగిపోతుంది. తన మత్తు ఎలా ఉంటుందో శిక్షకుడు పక్కన ఉండగా తెలుసుకోవడం, ఈ డైవ్‌కు కట్టిన డబ్బుకు గిట్టుబాటు.

నావిగేషన్‌ను చాలామంది భరిస్తారు తప్ప ఇష్టపడరు. అండమాన్‌లో నీళ్లు తేటగా ఉంటాయి, ముందు గైడ్ ఉంటాడు, దిక్సూచి అవసరం తెలియదు. రుషికొండ దగ్గర దిగినవాళ్లకు తెలుస్తుంది. అక్కడ చూపు కొన్ని రోజులు నాలుగైదు మీటర్లు దాటదు. ఇసుకలో అలల గీతలు సాధారణంగా ఒడ్డుకు సమాంతరంగా ఉంటాయని, ఫిన్ తోపులు లెక్కపెట్టుకుంటే దూరం తెలుస్తుందని, వెళ్లిన దిశకు 180 డిగ్రీలు కలిపితే తిరుగుదారి అని తెలిసిన మనిషి గైడ్ వీపు చూస్తూ ఈదడు. విశాఖలో ఉంటున్నవాళ్లు ఈ ఒక్కదాన్నీ స్పెషాలిటీగా తీసుకున్నా నష్టపోరు.

ఆక్సిజన్ పాలు పెంచిన గాలి మిశ్రమం నైట్రాక్స్ గురించి అపోహలెక్కువ. ఆక్సిజన్ ఎక్కువ ఉంది కాబట్టి ఎక్కువ లోతుకు పోవచ్చనుకుంటారు. సరిగ్గా తిరగబడిన మాట అది. 32 శాతం మిశ్రమంతో 33 మీటర్ల దగ్గర ఆగిపోవాలి. దాటితే ఆక్సిజనే విషమై, ముందస్తు సూచన లేకుండా మూర్ఛ రావచ్చు, నోట్లోంచి రెగ్యులేటర్ జారిపోవచ్చు. లాభమంతా నైట్రోజన్ తగ్గడంలో ఉంది. 18 మీటర్ల దగ్గర 32 శాతం పీల్చేవాడి ఒళ్లు మామూలు గాలితో 14 మీటర్ల దగ్గర ఉన్నట్టే లెక్క. గడువు 56 నిమిషాల నుంచి దాదాపు గంటన్నరకు పెరుగుతుంది. అరగంటకే గాలి అయిపోయే మనిషికి ఆ గంటన్నర దేనికి? రోజుకు మూడేసి డైవులు, వరసగా నాలుగు రోజులు చేసేవాళ్లకు మాత్రం బంగారం. అమెరికా సముద్ర వాతావరణ సంస్థ నోవాలో మోర్గన్ వెల్స్ 1970ల చివర్లో దీన్ని పద్ధతిలో పెట్టాడు. 1985లో డిక్ రట్కౌస్కీ మామూలు డైవర్లకు నేర్పడం మొదలుపెడితే పరిశ్రమ పెద్దలు దీన్ని దయ్యం వాయువన్నారు. ఇప్పుడు ఒక పూటలో అయిపోయే కోర్సు. ఒక్క అలవాటు వదలకూడదు: ట్యాంకులో ఎంత శాతం ఉందో మీ చేత్తో మీరే ఎనలైజర్ పెట్టి చూసి సంతకం చేయాలి. అక్కడ అబ్బాయి చెప్పాడు కదా అని ఊరుకోవద్దు.

నా లెక్కలో అసలైన కోర్సు రెస్క్యూ. చేసినవాళ్లంతా ఒళ్లు హూనమైందని చెబుతారు, ఇంకోసారి చేస్తానంటారు. పుష్కరాల్లో గోదావరి ఘాట్ల దగ్గర కాపలా ఉండే గజ ఈతగాళ్లకు తెలిసిన సంగతే ఇందులో మొదటి పాఠం: మునుగుతున్న మనిషికి ఎదురుగా వెళ్లకూడదు. భయం పట్టినవాడు చేతికందినదాని మీదికి ఎక్కుతాడు, అది మీ తల అయినా సరే. కాబట్టి అందనంత దూరంలో ఆగి, జాకెట్లో గాలి కొట్టుకోమని, సీసం వదిలేయమని గట్టిగా చెప్పాలి. వినకపోతే వెనక నుంచి వెళ్లి ట్యాంకు పట్టుకోవాలి. ఒకవేళ దొరికిపోతే? కిందికి దిగిపోవాలి. వాడికి కావాల్సింది గాలి, మీ వెంట నీళ్లలోకి రాడు, పట్టు వదిలేస్తాడు.

స్పృహ లేనివాడిని పైకి తెచ్చి, అయిదు సెకన్లకొకసారి ఊపిరి ఊదుతూ, ఆ మధ్యలోనే ఇద్దరి సామానూ ఒక్కొక్కటి విప్పుకుంటూ పడవ వైపు లాక్కెళ్లడం కష్టతరమైన అభ్యాసం. మొదటిసారి ఎవరికీ లెక్క కుదరదు. దీనికన్నా విలువైనది పడవ మీదే నేర్చుకుంటారు. అతిగా మాట్లాడుతున్నవాడు, మాస్క్ నాలుగోసారి సర్దుకుంటున్నవాడు, ఎప్పుడూ జోకులేసేవాడు ఇవాళ మౌనంగా కూర్చోవడం, ఇవన్నీ కనబడటం మొదలవుతాయి. అలాంటివాడి దగ్గరికి వెళ్లి "ఏం బాబాయ్, ఇవాళ వద్దా?" అని అడగగలిగితే సగం ప్రమాదాలు నీళ్లలోకి దిగకముందే ఆగుతాయి.

మిగతా స్పెషాలిటీల మీద ఎక్కువ చెప్పను. చేపల గుర్తింపు ఒక పుస్తకంతో, ఓపికతో వస్తుంది. ఫొటోగ్రఫీ తేలుడు కుదిరాకే. కెమెరా పట్టుకున్న కొత్త డైవర్ అంత పగడాలకు శత్రువు లేడు. డ్రై సూట్ అమెరికాలోనో, యూరప్‌లోనో చల్లటి చెరువుల్లో దిగే మనవాళ్లకు తప్పదు, అండమాన్ నీళ్లలో దాని అవసరమే రాదు. మునిగిన ఓడల లోపలికి, గుహల్లోకి దూరడం మాత్రం స్పెషాలిటీ జాబితాలో ఇంకో పేరు కాదు. అక్కడ తల మీద నీళ్లుండవు, కప్పు ఉంటుంది. శిక్షణ క్రమాన్ని రూపొందించిన ఆ కాన్రాడ్ లింబాయే 1960 మార్చిలో ఫ్రాన్స్‌లోని కాసిస్ దగ్గర నీటి అడుగు గుహలో దారి తప్పి తిరిగి రాలేదు. ఆయన కన్నా అనుభవం ఉన్న డైవర్లు ఆనాడు లోకంలో కొద్దిమందే.

కేంద్రం ఎంచుకునేటప్పుడు కార్డు మీద ఏ సంస్థ పేరుందన్నది చిన్న విషయం, నేర్పే మనిషి పెద్ద విషయం. ఫీజు కట్టకముందు ఒక్క ఫన్ డైవ్ ఆ శిక్షకుడితో చేయండి. అతను ఇసుక మీద మోకాళ్లు ఆనించి నేర్పుతున్నాడా, నీళ్లలో తేలుతూ నేర్పుతున్నాడా చూడండి. ఒకేసారి ఎంతమందిని తీసుకెళతాడో అడగండి. మీ సీసం తగ్గించే ప్రయత్నం తనంతట తానే చేస్తే అక్కడే ఉండిపోండి.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఏడాదికోసారి వారం సెలవు మీద వెళ్లేవాళ్లకు నేనైతే ఇలా సర్దుతాను. మొదటి రోజు లోతు తక్కువ చోట రిఫ్రెషర్, బరువు పరీక్ష. తర్వాతి రెండు రోజులు బాయన్సీ, మామూలు డైవులు. ఆ తర్వాతే లోతు డైవ్, నావిగేషన్. వరసగా డైవులు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి కాబట్టి చివరి రోజు ఎలాగూ నీళ్లలోకి దిగలేరు. రెస్క్యూ కోర్సుకు 24 నెలల లోపు తీసుకున్న ప్రథమ చికిత్స, సీపీఆర్ శిక్షణ ఉండాలి. బీచ్‌లో పడుకుని వృథా చేసే ఆ రోజున ఆ క్లాసు పూర్తి చేసుకుంటే, వచ్చే ఏడాది దిగిన మర్నాడే రెస్క్యూ మొదలుపెట్టొచ్చు.