తరగతిగదిలో టీక: సామాజిక బుక్‌మార్కింగ్, డిజిటల్ వ్యాఖ్యాన సాధనాలు - విమర్శనాత్మక పరిశీలన

కీలకపదాలు: పరిశోధన బోధన, ట్యాగులు, వ్యాఖ్యానం, ప్రతీక, పాఠపరిష్కరణ, కన్యాశుల్కం.

1. ప్రవేశిక

తెలుగు శాఖలలో పరిశోధన పద్ధతులను బోధించేటప్పుడు ఇటీవల రెండు రకాల సాధనాలను సిఫారసు చేస్తున్నారు. అంతర్జాలంలో దొరికిన వనరుల లంకెలను పదిమందికీ కనబడేలా దాచి, వాటికి ట్యాగులనే గుర్తింపు పదాలను తగిలించేది సామాజిక బుక్‌మార్కింగ్. చదువుతున్న పాఠం మీదనే గుర్తుపెట్టి, పక్కన వ్యాఖ్య రాసి, తోటివారితో పంచుకోవడానికి వీలు కల్పించేవి హైపోథిసిస్ వంటి వ్యాఖ్యాన సాధనాలు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి ‘సహకార పరిశోధన’ అని మెచ్చుకోవడం పరిపాటి అయింది. నా దృష్టిలో ఇవి సమానాలు కావు. మొదటిది తెలుగు విద్యార్థికి ఇచ్చేది స్వల్పం. రెండవది ఇవ్వగలిగింది చాలా ఎక్కువే కాని, మూలపాఠం సిద్ధంగా లేని చోట అదీ నిరుపయోగమే.

2. లంకెలు, ట్యాగులు

బుక్‌మార్కింగ్ సేవల చరిత్ర క్లుప్తమైనది. 2003లో జాషువా షాక్టర్ ప్రారంభించిన డెలీషియస్‌ను 2005లో యాహూ కొన్నది. పలు చేతులు మారి 2017లో అది పిన్‌బోర్డ్ వశమైన తరువాత కొత్త లంకెలు చేర్చే వీలు ఆగిపోయింది. పరిశోధకుల కోసమే వెలసిన కన్నోటియా 2013లోను, సైట్‌యూలైక్ 2019లోను మూతపడ్డాయి. పిహెచ్.డి. సిద్ధాంతగ్రంథానికి అయిదారేళ్ళు పట్టే మనబోటివారికి ఇది చిన్న విషయం కాదు. ఆధారాల జాబితా పరాయి గూటిలో మాత్రమే ఉంటే, గూడు చెదిరిన నాడు జాబితా కూడా చెదురుతుంది. జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో 2006లో రూపొందిన జొటేరో వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మన కంప్యూటరులోనే ఒక ప్రతిని ఉంచుతుంది కనుక, నేను దానినే సూచిస్తాను.

ఇంతకంటె లోతైన చిక్కు ట్యాగులది. పాఠకులు తమకు తోచిన పదాలతో చేసే వర్గీకరణకు థామస్ వాండర్ వాల్ 2004లో ‘ఫోక్సానమీ’ అని పేరు పెట్టాడు. ఎవరి పెత్తనమూ లేకపోవడమే దాని బలమన్నారు. తెలుగులో ఆ బలమే బలహీనతగా మారుతుంది. ఒకరు ‘నన్నయ’ అంటే మరొకరు ‘నన్నయ్య’, ఇంకొకరు ‘నన్నయభట్టు’, వేరొకరు ‘ఆదికవి’ అంటారు. ‘ప్రబంధము’, ‘ప్రబంధం’, ‘ప్రబంధాలు’ అనేవి యంత్రానికి మూడు వేర్వేరు విషయాలు. పొల్లు హల్లు తరువాత కంటికి కనబడని విభజన సంకేతాన్ని ఒకరు టైపుచేసి, మరొకరు చేయకపోతే, తెరమీద ఒకేలా కనిపించే రెండు మాటలు కూడా వెతుకులాటలో కలవకపోవచ్చు. తరగతి అంతా కూర్చుని ఒక ప్రామాణిక పదసూచిని తయారుచేసుకుంటే ఈ ఇబ్బంది తీరుతుంది. అప్పుడు విద్యార్థి నేర్చుకున్నది పదసూచి నిర్మాణం. ఆ పని కాగితం మీదా చేయవచ్చు.

3. ప్రతీక, వ్యాఖ్య

వ్యాఖ్యాన సాధనాల సంగతి వేరు. ఇవి మనకు పరాయివి కావు. మెదకు సీమలోని కొల్చారం వాడని ప్రసిద్ధి పొందిన మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ అనవసరమైనది చెప్పననీ నియమం పెట్టుకుని కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రచించాడు. బ్రౌను పూనికతో జూలూరి అప్పయ్య మనుచరిత్రకు వ్యాఖ్య సమకూర్చాడు. వేదం వేంకటరాయశాస్త్రి ఆముక్తమాల్యదను విప్పిచెప్పాడు. వీరి పద్ధతిలో మూలంలోని ఒక మాటను ‘ప్రతీక’గా ఎత్తిచూపి, ఆపైన అర్థాన్నీ విశేషాన్నీ చెప్పడం ఉంది. 2017 ఫిబ్రవరిలో డబ్ల్యు3సి ఆమోదించిన వెబ్ వ్యాఖ్యాన ప్రమాణంలోనూ దాదాపు ఇదే పద్ధతి కనిపిస్తుంది. వ్యాఖ్య ఏ మాటలకు సంబంధించినదో ఆ మాటలను, వాటికి ముందు వెనుకల కొద్ది భాగాన్ని వ్యాఖ్యతోపాటు భద్రపరిచే మార్గాన్ని అది నిర్దేశించింది. పుట సంఖ్య మారినా ప్రతీక మారకపోతే వ్యాఖ్య నిలుస్తుంది. ఈ సామ్యాన్ని విద్యార్థికి చూపితే సాధనం మీది బెదురు పోతుంది.

ప్రతీక దొరకాలంటే పాఠం అక్షరరూపంలో ఉండాలి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ద్వారా అందుబాటులోకి వచ్చిన పాత తెలుగు పుస్తకాలు చాలావరకు పుటల ఛాయాచిత్రాలే. అను ఖతులతో కూర్చిన పిడిఎఫ్‌ల నుంచి ఒక వాక్యాన్ని నకలు తీస్తే అర్థంలేని రోమన్ గుర్తులు వస్తాయి. అందుచేత తెలుగు తరగతిలో వ్యాఖ్యానానికి ముందు పాఠపరిష్కరణ జరగాలి. తెలుగు వికీసోర్స్‌లో పుట చిత్రాన్ని, అక్షర పాఠాన్ని పక్కపక్కన పెట్టి సరిచూసే ఏర్పాటు ఉంది. ఒక అంకాన్ని అలా దిద్దిన విద్యార్థికి ముద్రారాక్షసానికీ పాఠభేదానికీ గల తేడా ఉపన్యాసం లేకుండానే బోధపడుతుంది.

కన్యాశుల్కాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 1897 నాటి మొదటి కూర్పునకు, 1909 నాటి రెండవ కూర్పునకు మధ్య ఉన్న దూరం ఇంచుమించు రెండు నాటకాల మధ్య దూరం. లుబ్ధావధాన్లు పెళ్ళి ప్రస్తావన వచ్చిన చోట ‘దురాచారం’ అని రాసిన వ్యాఖ్య ఎవరికీ పనికిరాదు. మొదటి కూర్పు ఆంగ్ల పీఠికలో గురజాడ ప్రస్తావించిన జాబితాను, విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో నమోదైన 1,034 శుల్క వివాహాల లెక్కను అక్కడ చేర్చి, ఆ లెక్కకూ నాటకంలోని బేరసారాలకూ గల సంబంధాన్ని ప్రశ్నించిన వ్యాఖ్య పరిశోధనకు నాంది. గిరీశం నోట వచ్చే యాంటీనాచ్ మాటలకు వీరేశలింగం సంస్కరణోద్యమ సందర్భాన్ని జోడించడం ఇటువంటిదే. పాఠం ఏ కూర్పులోనిదో తప్పక పేర్కొనాలి. ఆ నియమం లేకపోతే వ్యాఖ్యలన్నీ కలగాపులగమవుతాయి.

4. మూల్యాంకనం, భద్రత

‘ప్రతివారూ కనీసం అయిదు వ్యాఖ్యలు రాయాలి’ అన్న నిబంధన ఈ ప్రయోగాలకు పట్టిన చీడ. అది ‘చాలా బాగుంది’, ‘అవును, నిజమే’ అన్న పూరణలను పండిస్తుంది. పైగా చురుకైన విద్యార్థి మొదట రాసిన వ్యాఖ్య మిగిలినవారి చదువును తన వైపు లాగుతుంది. మొదట ఎవరికి వారు రహస్యంగా రాసుకుని, ఒక గడువు తరువాత బృందానికి వెల్లడించడం మేలు. మార్కులు వేయవలసివస్తే సంఖ్యకు కాక, ఆధారం చూపిన ఒక్క వ్యాఖ్యకు వేయాలి. అది కూడా బహిరంగ వేదికలో కాదు, మూసిన బృందంలోనే. పంతొమ్మిదేళ్ళ వయసులో చేసిన పొరపాటు అన్వయం సొంత పేరుతో లోకమంతటికీ కనిపించనక్కరలేదు.

మన విద్యార్థులలో చాలామందికి ఉన్నది ఫోను ఒక్కటే. ఆండ్రాయిడ్ ఫోనులోని క్రోమ్‌లో ఈ సాధనపు ఎక్స్‌టెన్షన్ పనిచేయదు. పుటను మరొక సర్వరు గుండా తెరిచే లంకెను అధ్యాపకుడే ముందుగా తయారుచేసి ఇవ్వాలి. చిన్న తెర మీద తెలుగు గుణింతాల మధ్య వేలితో సరిగా ఎంపిక చేయడం కష్టం కనుక, వారానికి ఒక గంట కంప్యూటరు గదిని తెలుగు శాఖకు కేటాయించమని అడగడంలో మొహమాటం పనికిరాదు. సెమిస్టరు ముగియగానే వ్యాఖ్యలన్నింటినీ సాదా పాఠంగా దించి, మూలపాఠంతో, కూర్పు వివరాలతో సహా శాఖ గ్రంథాలయంలో ఒక ప్రతిని ఉంచాలి. మరుసటి ఏడాది వచ్చే విద్యార్థులు అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు.