ఎవరి ముందు వినయం? ‘మాలపల్లి’, ‘గబ్బిలం’ కృతులలో అహంకార, ఆత్మగౌరవ విచారణ

అహంకారాన్ని విడవమనే బోధ మన ఆధ్యాత్మిక సంప్రదాయాలన్నింటిలోనూ ఉంది. అద్వైతం అహంకారాన్ని అజ్ఞానకార్యంగా చూస్తుంది. శ్రీవైష్ణవంలో నైచ్యానుసంధానం, అంటే భక్తుడు తన అల్పత్వాన్ని తానే స్మరించుకోవడం, ఒక సాధనగా నిలిచింది. తత్వాలు పాడుకొనే ఊరి దాసరి కూడా ‘నేను’, ‘నాది’ అనే భావాలను వదలమనే చెబుతాడు. అయితే ఈ బోధ ఒక విషయాన్ని ముందుగానే అంగీకరించి మొదలవుతుంది. వినేవాడికి విడవడానికి ఒక ‘నేను’ ఉన్నదన్నదే ఆ అంగీకారం. ఊరికి వెలుపల పుట్టి, బావికీ గుడికీ దూరంగా పెరిగి, తలవంచడం తప్ప మరో నడవడి ఎరగనివ్వని బతుకు బతికినవాడికి ఇదే బోధ చేస్తే దాని అర్థం మారదా? గుంటూరు సీమకు చెందిన ఇద్దరు రచయితలు, ఉన్నవ లక్ష్మీనారాయణ (1877–1958), గుర్రం జాషువ (1895–1971), ఈ ప్రశ్నను తమ ప్రధాన కృతులలో ఎదుర్కొన్నారు. వినయం విలువ దాని పరిమాణంలో కాక, అది ఎవరి ముందు చూపబడుతున్నదన్న దానిలో ఉన్నదని ఈ కృతులను కలిపి చదివితే తేలుతుంది. ఆ విషయాన్ని నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చారిత్రక నేపథ్యం

ఈ ప్రశ్న సాహిత్యంలోకి రావడానికి ముందే ఈ ప్రాంతపు సామాజిక చరిత్రలో తలెత్తింది. 1876–78 నాటి మహాక్షామం తరువాత, 1878 జూలై 3న, ఒంగోలు సమీపంలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వేలంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఈ సంఘటనను కేవలం కరవు ఫలితంగా వివరించడం పరిపాటి. కాని ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ అనుచరులలో తొలితరంవాడైన ఎర్రగుంట్ల పెరయ్య అంతకుముందే యోగమార్గంలో సాధన చేసినవాడు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన మాదిగల కథనాల గ్రంథంలో ఈ వివరం ఉంది. అన్నం కోసం వెదకిన కాలంలోనే అర్థం కోసం కూడా వెదికారని దీనివల్ల తెలుస్తుంది.

ఇక్కడ గమనించవలసినది బోధలోని నిర్మాణం. కొత్త మతం కూడా వినయాన్నే బోధించింది. ప్రతి మనిషీ పాపి అన్నది. అయితే ఆ మాట మాదిగకూ మోతుబరికీ సమానంగా వర్తించింది. దేవుని ఎదుట అందరూ ఒకే స్థాయిలో తలవంచవలసి వచ్చినప్పుడు, మనిషి ఎదుట మనిషి తలవంచడానికి ఆధారం సడలింది. విశ్వాసులు గ్రామదేవత కొలువులో డప్పు కొట్టకూడదనీ, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదనీ, ఆదివారం పనికి పోకూడదనీ నియమం ఏర్పడింది. ఊరి పెత్తందారులకు ఆగ్రహం కలిగించినవి ఈ నియమాలే. వారంలో ఒక రోజు దేవునిదైతే, మిగిలిన ఆరు రోజులూ యజమాని సొత్తు కావన్న అర్థం అందులో దాగి ఉంది.

‘మాలపల్లి’: దాసుడు, పాలేరు

పల్నాడు అటవీ సత్యాగ్రహ సందర్భంలో శిక్ష పడి, రాయవేలూరు చెరసాలలో ఉన్నప్పుడు ఉన్నవ రచించిన నవల ‘మాలపల్లి’. 1922లో వెలుగు చూసి, తరువాత మద్రాసు ప్రభుత్వ నిషేధానికి గురైంది. మంగళాపురం మాలపల్లెలో నివసించే రామదాసు వేదాంత సారాన్ని వంటపట్టించుకొన్న భక్తుడు. అతని కొడుకు సంగదాసు చౌదరయ్య ఇంట పాలేరు. ఈ రెండు స్థితులను పక్కపక్కన ఉంచడమే నవలలోని ఆలోచనకు మూలం. తండ్రి పేరులోని ‘దాసు’ భగవంతునితో తానుగా కలుపుకొన్న సంబంధాన్ని చెబుతుంది. ‘పాలేరు’ అనే మాట కులమూ పేదరికమూ కలిసి విధించిన సంబంధాన్ని చెబుతుంది. రెండూ సేవకత్వాన్నే సూచించినా, మొదటిది నిజమైతే రెండవదానికి నైతికమైన ఆధారం మిగలదు. రాముని దాసుడు మరొకరికి దాసుడు ఎలా కాగలడు?

రామదాసు పాత్రను కొందరు విమర్శకులు నిష్క్రియకు ప్రతీకగా భావించారు. సవర్ణ సంస్కర్త అయిన రచయిత దళితుని చేత ఓర్పును పలికించాడన్న ఆక్షేపణ తేలికగా కొట్టివేయదగినది కాదు. వినయాన్ని బోధించేవాడి సామాజిక స్థానం ఆ బోధ అర్థాన్ని తప్పక ప్రభావితం చేస్తుంది. అయినా నవల నిర్మాణం ఈ ఆక్షేపణకు కొంత సమాధానం ఇస్తున్నది. చౌదరయ్య దెబ్బకు సంగదాసు మరణిస్తాడు. పెద్దకొడుకు వెంకటదాసు ‘తక్కెళ్ల జగ్గడు’గా మారి, ఉన్నవారి నుంచి బలవంతంగా తీసుకొని లేనివారికి పంచే మార్గం పట్టుతాడు. ఒకే ఇంట అవమానానికి రెండు భిన్నమైన సమాధానాలు పుట్టాయి. తండ్రి శాంతి గొప్పదని చెప్పి రచయిత ఊరుకోలేదు. ఆ శాంతి కొడుకును కాపాడలేకపోయిందన్న సత్యాన్ని కథాగమనంలోనే నిలబెట్టాడు.

నవలకు ‘సంగవిజయం’ అనే మరో పేరు ఉండడం ఈ సందర్భంలో గమనార్హం. విజయం శాంతమూర్తి అయిన తండ్రికీ, తిరగబడిన అన్నకూ కాక, పాలేరుగా ఉంటూనే తనను తాను తక్కువగా తలచని సంగదాసుకు దక్కింది. చౌదరయ్య కొడుకు రామానాయుడితో అతని మైత్రి ఇందుకు తార్కాణం. ఆ స్నేహంలో సంగదాసు వినయం ఉంది, విధేయత లేదు. వినయం సమానుల మధ్య శోభిస్తుంది. అసమానుల మధ్య కిందివాడి నుంచి మాత్రమే కోరబడినప్పుడు అది విధేయతగా దిగజారుతుంది. చౌదరయ్య సహించలేనిది పాలేరులోని అహంకారాన్ని కాదు, ఆ పాలేరులో భయం లేకపోవడాన్ని.

‘గబ్బిలం’: వినతిలోని ధిక్కారం

ఉన్నవ బయటి నుంచి సానుభూతితో చూసిన అనుభవాన్ని జాషువ లోపలి నుంచి చెప్పాడు. వినుకొండలో పుట్టిన ఈ కవిని హిందూ సమాజం కులం పేరుతో దూరం పెట్టింది. పౌరాణిక వస్తువులపై కవిత్వం చెబుతున్నాడని క్రైస్తవులలో కొందరు ఆక్షేపించారు. తనకు ఇద్దరు గురువులని, వారు పేదరికమూ కులమత భేదమూ అని ఆయన చెప్పుకొన్నాడు. మొదటిది ఓర్పును నేర్పిందనీ, రెండవది ఎదిరించే శక్తిని పెంచిందే కాని తనను బానిసను చేయలేదనీ ఆయన భావం. గురువు వద్ద శిష్యుడు అహంకారాన్ని పోగొట్టుకోవడం సంప్రదాయం. ఈ గురువుల వద్ద జాషువ పోగొట్టుకొన్నది భయాన్ని.

1941 నాటి ‘గబ్బిలం’ సందేశకావ్యం. కాళిదాసు యక్షుడు మేఘాన్ని దూతగా ఎంచుకొంటే, జాషువ నాయకుడైన తంజావూరి అస్పృశ్యుడు తన గోడును కాశీనాథునికి చేర్చడానికి గబ్బిలాన్ని ఎంచుకొన్నాడు. లోకం అశుభమని తరిమే ప్రాణికి గర్భగుడిలో చోటున్నది. పంట పండించే మనిషికి గుడి వాకిట కూడా చోటు లేదు. ఈ వ్యంగ్యం అందరూ గుర్తించినదే. అంతగా గుర్తించనిది ఆ సందేశం స్వరూపం. అది వినతి. వినతి అనే మాటలోనే వంగడం ఉంది. నాయకుడు శివుని ముందు వంగుతున్నాడు, కాని పూజారి ముందు, ఊరి ముందు వంగడం లేదు. మధ్యవర్తులందరినీ తప్పించి నేరుగా దేవునికే విన్నవించడంలో, భక్తి ఎంత ఉన్నదో ధిక్కారం అంత ఉన్నది.

పైగా ఆ పేదవాడు గబ్బిలానికి దారి చెబుతూ తెలుగువారి చరిత్ర వైభవాన్ని తన సొంత ఆస్తిలా వర్ణిస్తాడు. గుడిలోకి రానివ్వని జాతి చరిత్రను తనదిగా చెప్పుకోవడం గర్వమనిపించవచ్చు. కాని అహంకారానికీ ఆత్మగౌరవానికీ భేదం ఇక్కడే తెలుస్తుంది. అహంకారం నిలబడాలంటే పక్కవాడు తక్కువ కావాలి. ఆత్మగౌరవానికి ఆ అవసరం లేదు. ఈ నాయకుడు ఎవరి వారసత్వాన్నీ లాక్కోవడం లేదు, అందులో తన పాలు అడుగుతున్నాడు.

ముగింపు

అహంకార త్యాగం ఉన్నతమైన సాధనే. అయితే దానికి ఒక పూర్వస్థితి కావాలి. మనిషి తన విలువను తాను ఎరిగి ఉండాలి, దానిని ఇతరులు అంగీకరించి ఉండాలి. ఆ పూర్వస్థితి లేనిచోట వినయ బోధ బలవంతునికి ఆయుధమవుతుంది. ‘మాలపల్లి’ ఈ ప్రమాదాన్ని చూపింది, కొంతవరకు తాను కూడా దానికి లోనైంది. ‘గబ్బిలం’ మరో దారి చూపింది: దేవుని ముందు వంగిన తల మనిషి ముందు నిటారుగా నిలవడం. నైచ్యానుసంధానం చేసిన ఆచార్యులకు తమ నైచ్యం స్వయంగా వరించినది; రామదాసుకూ జాషువ నాయకునికీ అది లోకం అంటగట్టినది. వినయాన్ని గురించి చేసే సాహిత్య విచారణ ఏదైనా ఈ భేదాన్ని ముందుగా గుర్తించి, ఆ తరువాతనే పాత్రల గుణదోషాలను నిర్ణయించాలి.