ఆకాశరామన్న చేతిరాత

ఇంతమంది రాసి, ఇంతమంది దొంగచాటుగా చదివి, సాహిత్య విమర్శ కంట పడని ప్రక్రియ తెలుగులో ఏదైనా ఉందంటే అది ఆకాశరామన్న ఉత్తరమే. దానికీ ఒక శైలి ఉంది. ‘తమకు తెలియదని కాదు గానీ’ అని మొదలవుతుంది. మధ్యలో ఒకడి పరువు తీస్తుంది. చివర ‘ఇట్లు, తమ శ్రేయోభిలాషి’. చేతిరాత పట్టుబడకుండా ఎడమచేత్తో రాయాలి, పోస్టు ముద్ర పట్టుబడకుండా ఊరు మార్చి వేయాలి. మా సామర్లకోట జంక్షను ఇందుకు భలే అనువు. కాకినాడ వాడు ఇక్కడ రైలు మారుతూ డబ్బాలో ఓ కార్డు పడేస్తే చాలు, పాపం మా ఊరి ముద్రతో వెళ్తుంది.

ఒట్టి పిరికితనం అని దీన్ని కొట్టేయడం తేలిక. నేనలా అనలేను. పై ఆఫీసరు లంచాల మీద గుమాస్తా సంతకం పెట్టి రాస్తే ఏమవుతుందో మనకి తెలుసు. పైగా తెలుగులో పేరంటే ఒట్టి పేరు కాదు. ఇంటిపేరు వినగానే కులం, దాన్నిబట్టి పార్టీ లెక్కగట్టి, ఆ తర్వాత మాట వింటాం. అప్పుడైనా వింటే!

1965లో దిగంబర కవులు పాత పేర్లు వదిలేసింది గుర్తు తెచ్చుకోండి. భాస్కరరెడ్డి చెరబండరాజు అయ్యాడు, రాఘవాచార్యులు జ్వాలాముఖి అయ్యాడు, యాదవరెడ్డి నిఖిలేశ్వర్ అయ్యాడు. రెడ్డీ, ఆచార్యులూ రాలిపోయాయి. అయితే వాళ్లు దాక్కోలేదు. 1971లో ముందస్తు నిర్బంధ చట్టం కింద ఈ ముగ్గురినీ అరెస్టు చేశారు. ఆకాశరామన్నని ఎవరూ జైల్లో పెట్టలేరు. మారుపేరుకీ అసలు పేరే లేకపోవడానికీ తేడా అక్కడుంది.

మరి పేరు చెప్పుకోలేని గుమాస్తా ఏం చెయ్యాలి? ఇక్కడ కందుకూరి వీరేశలింగం పని చూడాలి. 1874లో ఆయన మొదలుపెట్టిన ‘వివేకవర్ధని’ రాజమండ్రి కోర్టుల, కచేరీల లంచాల్ని బయటపెట్టింది. ఆ కబురు మోసుకొచ్చింది అమీనాయా, కక్షిదారుడా, ఓడిపోయిన ప్లీడరా అన్నది పాఠకుడికి అక్కర్లేదు. అచ్చయ్యాక తిట్లు తినడానికీ, దావా పడితే బోను ఎక్కడానికీ ఒక మనిషి ఉన్నాడు. చెప్పినవాడి పేరు దాచి తన పేరు ముందుకు తోశాడు కాబట్టి, ఏది అచ్చెయ్యాలో ఏది చింపెయ్యాలో ఆయనే తేల్చుకోవాల్సి వచ్చేది. సంపాదకత్వం అంటే అక్షరదోషాలు దిద్దడం అనుకునేవాళ్లకి ఈ చింపెయ్యడం కనబడదు.

అదే వీరేశలింగం ప్రహసనాల దగ్గరికొస్తే నాకు కొంచెం పేచీ. ప్లీడరు నాటకంగా పేరుపడ్డ ‘వ్యవహార ధర్మబోధిని’ చదువుతుంటే నవ్వాపుకోలేం, వాడుక మాట అంత పదునుగా పలుకుతుంది. పేర్లు కల్పితాలే, మనుషులు మాత్రం కోర్టు ఆవరణలో రోజూ తిరిగేవాళ్లే. పత్రికలో పేరు పడ్డవాడు జవాబు రాసుకోవచ్చు. ప్రహసనంలో పడ్డవాడు ‘ఆ పాత్ర నేనే’ అని ఒప్పుకుంటే గానీ నోరు విప్పలేడు. అంటే ఇక్కడ దాచింది తిట్టినవాడి పేరు కాదు, తిట్లు తిన్నవాడి పేరు. ఆకాశరామన్నని తిరగేస్తే ఇలాగే ఉంటాడు. చదవడానికి నాకు ప్రహసనమే రుచి, న్యాయం మాటకొస్తే మాత్రం పత్రికే నయం.

సర్కారు ఈ చిక్కుని తనదైన మోటు పద్ధతిలో విప్పబోయింది. సంతకం లేని ఫిర్యాదుల మీద చర్య వద్దని కేంద్ర నిఘా కమిషన్ 1999లో ఉత్తర్వు ఇచ్చింది. అబద్ధపు కార్డులతో పాటు నిజం చెప్పేవాడి కార్డూ బుట్టలోకి పోయింది. 2004లో మరో దారి తెరిచారు. కవరు మీద పంపినవాడి పేరు ఉండకూడదు, లోపల ఉండి తీరాలి, దాన్ని కమిషన్ బయటపెట్టకూడదు. అంటే సగం ఆకాశరామన్న అన్నమాట.

ఈ దారి తెరవడానికి ముందొక చావుంది. జాతీయ రహదారుల ఇంజనీరు సత్యేంద్ర దూబే 2002లో ప్రధాని కార్యాలయానికి అవినీతి మీద ఉత్తరం రాశాడు. 2003 నవంబరులో గయలో ఆయన్ని కాల్చి చంపారు. అది దోపిడీ దొంగల పని అని సీబీఐ తేల్చింది. అది నిజమే అయినా, దానికి ముందే ఆయన పేరు చేతులు మారింది. తన ఉత్తరం మీద దూబే సంతకం పెట్టలేదు. వివరాలు వేరే కాగితం మీద రాసి జతచేసి, పేరు గుట్టుగా ఉంచమని కోరాడు. ఆ రెండు కాగితాలూ కలిసే ఆఫీసులు తిరిగాయి.