పుష్ప ద్వితీయభాగము: పాత్రధారణము, వినోదగుణము

మానవాతీత బలముగల నాయకుడు మన ప్రేక్షకునకు క్రొత్తవాడు కాడు. తోలుబొమ్మలాటలో లంకను గాల్చు హనుమంతుని, వీధినాటకమున హిరణ్యకశిపుని జీల్చు నరసింహుని జూచి పెరిగినవారము. కోరాపుట్ సీమయందలి దేశియ నాటమునను దేవదానవులు మొగములు ధరించి రాత్రియెల్ల నాడుదురు. పాశ్చాత్యుల చలనచిత్రములందు రంగుదుస్తులు దొడిగి యెగురు వీరులకైనను బలమునకొక కారణము చెప్పబడును: సాలెపురుగు కాటో, అన్యగ్రహజన్మమో. మనవారికి వరమో, అవతారమో. కారణము లేని బలము గారడియేకాని అద్భుతరసము కానేరదు. 2024 డిసెంబరు 5వ తేదీన విడుదలయైన ‘పుష్ప-2: ది రూల్’ చిత్రమును ఈ కొలతతో పరీక్షింప దలచితిని. ఇందలి నాయకునకు ముసుగుగాని కవచముగాని లేదు. చేతలు మాత్రము మహావీరులవే.

ఈ ప్రాంతపు తెలుగువారికి ఈ చిత్రముతో వేరొక సంబంధమును గలదు. 1936 ఏప్రిల్ 1వ తేదీ వరకు మన కోరాపుట్, రాయగడలు విశాఖపట్టణపు మన్యములోనివి. 1992లో అవిభక్త కోరాపుట్ జిల్లా నాలుగైనప్పుడు మల్కనగిరి వేరుపడినది. ఆ మల్కనగిరి కొండదారులలోనే 2023లో ఈ చిత్రమున కొంతభాగము తీయబడెను. అనగా తెరపై మనము చూచినది మన పాత యిల్లే.

నాయకపాత్రధారి అల్లు అర్జునుడు ప్రథమభాగమునకు (2021) ఉత్తమనటునిగా జాతీయపురస్కారము నందినవాడు. తెలుగు నటులలో ఆ గౌరవమునకు ప్రథముడు. ఆ భాగమున పుష్పరాజు బలమునకు కారణము స్పష్టము. ఇంటిపేరు లేని కూలివాడు. నిశ్చితార్థపు పీటలకడ తల్లికి జరిగిన అవమానము వాని కండలలో నిండినది. ఎత్తిన భుజము, గడ్డము క్రింద నడచు చేయి ఆ అవమానమునకు శరీరమిచ్చిన ప్రత్యుత్తరములు. ద్వితీయభాగమున అదే భుజము, అదే చేయి ఉన్నవి. కాని వాడిప్పుడు ధనవంతుడు. ముఖ్యమంత్రి తనతో ఛాయాచిత్రము దిగ నిరాకరించెనని ముఖ్యమంత్రినే మార్పదలచును. భార్య కోరిన చిన్న కోరికకై రాజ్యమును కదల్చుట హాస్యముగా బాగున్నది. వీరమునకు మాత్రము ఆ కారణము చాలదు.

ఇట్లనుకొనుచుండగా గంగమ్మజాతర ఘట్టము వచ్చును. చిత్రమంతటికిని ప్రాణమిదియే. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో పురుషులు స్త్రీవేషము ధరించు మొక్కు గలదు. పుష్పరాజు చీరకట్టి, నగలు దాల్చి, ఒడలెల్ల నీలివర్ణము పూసికొని యాడునప్పుడు నటుడు కనబడడు, వేషము కనబడును. నృత్యమెచ్చట ముగిసి యుద్ధమెచ్చట మొదలైనదో గుర్తింప రాదు. రాయగడ మజ్జిగౌరి సన్నిధిని ఎరిగినవారికి ఆ పూనకమును ఎవ్వరును వివరింప నక్కరలేదు. ఇక్కడ బలమునకు కారణము అమ్మవారే, కావున అది అద్భుతమైనది. కడపట కాలుసేతులు బంధింపబడియు గాలిలో నెగిరి శత్రువులను పండ్లతో గొఱుకు యుద్ధమున ఈ కారణము పలుచనైనది. అక్కడ నాకు చప్పుడు వినబడెనుగాని ఒడలు గగుర్పొడువలేదు.

ఇతర పాత్రధారులలో శ్రీవల్లిగా రష్మికా మందన్న జాతరఘట్టానంతరము బంధువులకెదురు నిలిచి భర్తపక్షమున పలికిన పలుకులు తూకముగలవి. తక్కినచోట్ల ఆమెకు వంటయు సరసమును దప్ప పనిలేదు. మలయాళనటుడు ఫహద్ ఫాసిల్ ధరించిన షెకావత్తు పాత్ర విచారింపదగినది. ప్రతినాయకుని ఔన్నత్యమును బట్టియే నాయకుని ఔన్నత్యమని ఆలంకారికుల మతము. కన్నులలో చలి, పెదవిపై వెక్కిరింత గల ఈ నటుని చేతికి నిజమైన పోరు నొసగియుండిన పుష్పరాజు రెట్టింపు ఎత్తు పెరిగెడివాడు. క్షమాపణ ఘట్టమున ఇద్దరును సమానులు. పిదప షెకావత్తు నవ్వులపాలై, కథ ముగియుటకు చాల ముందే మంటలలో కలిసిపోవును. వాని స్థానమున జగపతిబాబు వంశీయులు వత్తురు, కొంత ఆలస్యమైనది. సునీలును అనసూయయు ప్రథమభాగమున పెంచుకొన్న భయమును ఇక్కడ ఖర్చుచేయుటకే తావు దొరకలేదు. రావు రమేశుడు మాత్రము సిద్ధప్పనాయుడుగా మాట కొక్క విఱుపుతో తన తావును తానే కల్పించుకొనెను.

వినోదమందురా, మూడుగంటల యిరువదినిమిషములలో రెండు గంటలు నిస్సందేహముగా గలదు. 2025 జనవరిలో మఱి యిరువది నిమిషములు కలిపిరి. కూర్చుండబెట్టుట సుకుమారునకు తెలిసిన విద్య, లేపుట తెలియదేమో! అయినను అన్న మొల్లేటి యింటిపేరును తమ్మునకిచ్చి పెండ్లిపందిట నిలువబెట్టు ఘట్టము ఆ దీర్ఘతకు పరిహారము. రెండు చిత్రముల బలమునకు మూలకారణము ఆ యొక్క క్షణమున తీరును. పిమ్మట మూడవభాగమునకై ప్రేలుడొకటి పెట్టుట వ్యాపారము.

ఇక మన కొండల మాట. ఎఱ్ఱచందనము శేషాచలపు మెట్టనేలలలో, కడప చిత్తూరు పరిసరములలో సహజముగా పెరుగు చెట్టు. మన మన్యము గుగ్గిలపు అడవి. ఇక్కడి పచ్చదనమున ఎఱ్ఱదుంగల బండ్లు నడచుట మనకే వింత. కూలీల చిత్తూరుయాసయు మన చెవికి దూరమే. పార్వతీపురము, సాలూరుల పలుకుబడికి అలవాటుపడినవారము. అయినను ఆ యాసలోని పదును మెచ్చదగినది, ఏలయన అది యొక సీమకు చెందినది. ఒక సీమ పలుకును ఇంత శ్రద్ధతో పట్టుకొన్న దర్శకుడు వేఱొక సీమ నేలను పేరులేని తెరగా వాడుకొనుట నాకు కొఱతగా తోచినది. ఇంటిపేరులేని వాని వేదనయే కథావస్తువైన చిత్రమున ఈ కొఱత మఱింత గుచ్చుకొనును. బలిమెల జలాశయముచే వేరుపడి, 2018లో గురుప్రియవంతెన వచ్చువరకు పడవలే దిక్కుగా నున్న పల్లెలు ఆ జిల్లాలోనివే. వారికిని ఒక కథ గలదు.

2025 మార్చిలో రాజమౌళి మహేశ్‌బాబుతో కోరాపుట్‌కు వచ్చి, 1672 మీటర్ల దేవమాలి కొండప్రాంతమున మఱియొక చిత్రమునకు దృశ్యములు తీసెను. ఆ చిత్రమునకు ‘వారణాసి’ అని పేరు పెట్టిరి.